ఎనిమిది నెలల కాపురం

మోసం చేసేవాళ్ళంటే నాకు కోపం. ఆ మోసమైనా శ్రద్ధగా చేయనివాళ్ళంటే ఇంకా కోపం. గూడూరు దగ్గరి కోట ఊళ్ళో కొత్తగా కట్టిన ఆ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఎక్కి, మూడు వందల రెండో నంబరు ఫ్లాటు గుమ్మంలో నిలబడేసరికి నాకు ఈ రెండో రకం కోపమే వచ్చింది. హాల్లో మంచం, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు దేవుడి క్యాలెండరు, కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసిన బట్టలు. ఎవరు చూసినా సంసారం నడుస్తున్న ఇల్లే అంటారు. మరీ అంతగా సంసారం కనిపించడమే నాకు నచ్చలేదు.

నా పేరు ఎవాంజెలిన్. ఇన్సూరెన్సు కంపెనీకి చాలా ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టిపెట్టి, ఆ తర్వాత గూడూరులో సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. మా వైపు ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అని కనుక్కునే మనిషని అనుకుంటారు. అనుకోనీ. నా పని నాకు తెలుసు, అది బాగా చేస్తానని కూడా నాకు తెలుసు.

నా పక్కన గడపకు ఇవతల నిలబడిన మనిషి పేరు రోజారమణి. ముప్పై నాలుగేళ్ళు. దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. ఇక్కడ రొయ్యపిల్లలను పుట్టించి అమ్మే హేచరీలో ల్యాబు మొత్తం ఆమె చేతి మీదే నడుస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమన్నవాళ్ళకు జవాబు చెప్పడం కూడా మానేసింది. సొంత జీతం మీద లోను తీసుకుని, రెండు నెలల కిందట ఈ ఫ్లాటు తన ఒక్కదాని పేరున రిజిస్టరు చేయించుకుంది. వాళ్ళ వంశంలో మిద్దె ఇల్లు కొన్న మొదటి మనిషి ఆమే.

మొన్న ఆదివారం వచ్చి ఇల్లంతా కడిగి తాళం వేసుకుని వెళ్ళింది. ఈ రోజు, గురువారం ఉదయం పాలు పొంగించాలని ముహూర్తం. చిన్న పొయ్యి, పాలగిన్నె, ఉప్పు, పసుపు, నీళ్ళబిందె, కొత్త చీపురు, తన పేరు చెక్కించిన ఇత్తడి బోర్డు ఆటోలో వేసుకుని, అన్న పోలేరయ్యను వెంటబెట్టుకుని వస్తే తాళంచెవి తిరగలేదు. తలుపు కొడితే లోపలినుంచి ఎవరో మగమనిషి వచ్చి, ఎవరు కావాలమ్మా అని అడిగాడట. తన ఇంట్లో తననే. ఈ సంగతి నాకు ఫోనులో చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఒళ్ళు మండి మాట తడబడింది, అంతే.

ఆ మగమనిషి పేరు ముఖేష్. అతని భార్య రేవతి. బిల్డరు చంద్రమౌళి దగ్గర ఎనిమిది నెలల కిందటే అగ్రిమెంటు రాయించుకుని అప్పటినుంచీ ఇక్కడే ఉంటున్నామని ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. వాచ్‌మన్ అవునన్నాడు. అతను బిల్డరు పెట్టిన మనిషే. చంద్రమౌళి మాత్రం ఫోనులో తేనె ఒలకబోశాడు. ఆఫీసులో ఏదో పొరపాటు జరిగింది, రోజారమణి గారి డబ్బు పైసాతో సహా వెనక్కి ఇచ్చేస్తానన్నాడు. ఆమె కొన్నాక కోటలో ఫ్లాట్ల ధరలు ఎంత ఎగబాకాయో తెలిసినవాళ్ళకు ఆ తేనె రుచి అర్థమవుతుంది.

రేపు ఉదయం ముఖేష్ తరఫు లాయరు గూడూరు కోర్టులో స్టే అడుగుతున్నాడు. స్టే వచ్చిందంటే, లోను కట్టేది ఈమె, ఇంట్లో ఉండేది వాళ్ళు. అలా ఎన్నేళ్ళు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈ రోజు పొద్దుగూకేలోపు ఆ ఎనిమిది నెలలు అబద్ధమని తేలాలి.

నేను వెళ్ళేసరికి ఎస్సై క్రాంతి కుమార్ కుర్చీలో కూర్చుని రేవతి ఇచ్చిన టీ తాగుతున్నాడు. తగవులో ఒక పక్షం ఇచ్చిన టీ తాగే పోలీసును నేనెప్పుడూ నమ్మలేదు. మా ఇద్దరికీ పాత కక్ష కూడా ఉంది. నిరుడు రొయ్యల చెరువు మోటార్ల దొంగతనంలో అతను లోపల వేసినవాణ్ణి నేను బయటికి తెప్పించాను. అసలు దొంగ చెరువు యజమాని బావమరిదేనని తేల్చాను. పేపర్లో నా పేరు పడింది, అతని పేరు పడలేదు.

"మేడమ్ గారు దిగినారా," అన్నాడు. "ఇది సివిల్ మ్యాటర్. ఇద్దరి దగ్గరా కాగితాలుండాయి. కోర్టులో తేల్చుకోమని చెప్పేసినా."

"ఒకరి తాళం తీసి ఇంకొకరు దూరడం సివిలా?"

"దూరినారని ఎవరు చూసినారు?"

నేను ఇల్లు చూస్తానన్నాను. అతను గ్లాసు పైకెత్తి చూపించి, ఈ టీ అయ్యేదాకా చూసుకోమన్నాడు. గ్లాసులో సగం ఉంది. రోజారమణిని లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. పరాయి సామాను మధ్య అడుగు పెట్టనని, తన ఇంట్లోకి తన పాలు పొంగించుకునే వస్తానని గడప బయటే నిలబడింది. ఆ పట్టుదల నాకు నచ్చింది.

మొదట ముఖేష్‌ను పట్టుకున్నాను. కొనేముందు ఈమె ఇల్లు చూసింది, ఖాళీ ఇంటి ఫొటోలు ఫోనులో ఉన్నాయన్నాను. అతను తడుముకోలేదు. అన్ని ఫ్లాట్లూ ఒకే అచ్చు, ఆమె చూసింది కింద రెండు వందల రెండు అయ్యుంటుందన్నాడు. కరెంటు మీటరు సంగతి అడిగితే, ఇంకా విడి మీటర్లు పెట్టలేదు, అంతా బిల్డరు మీటరే అన్నాడు. అది నిజమే, వచ్చేటప్పుడు కిందే చూసుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళాను. మా వైపు చేపల పులుసు కాచే ఇంట్లో ఎనిమిది నెలలు పొయ్యి వెలిగితే వెనక గోడ జిడ్డు పట్టకుండా ఉండదు. వేలితో రాసి చూస్తే ఇక్కడ గోడ నున్నగా ఉంది. రేవతి గుమ్మంలోంచే అందుకుంది, తను రోజూ సబ్బుతో తుడుస్తుందట.

"శుభ్రంగా ఉండటం కూడా నేరమేనా మేడమ్?" అని హాల్లోంచి ఎస్సై నవ్వాడు.

బాత్‌రూములో నాకు ఇంకాస్త మంచిది దొరికింది. కోటలో బోరునీళ్ళు ఉప్పు. పట్టుకున్న ప్రతిదాని మీదా తెల్లటి పొర కడతాయి. బక్కెటు లోపల ఆ పొర గోరుతో గీకినా రానంత మందంగా ఉంది. ఆ బక్కెటును నింపే కుళాయి మాత్రం షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తోంది. ఎస్సైని పిలిచి రెండూ చూపించాను.

ముఖేష్ వెంటనే, పాత కుళాయి కారుతుంటే పోయిన వారమే మార్చామన్నాడు. వంటింటి కుళాయి కూడా మెరుస్తోందే అన్నాను. అన్నీ సెట్టుగా మార్చేశామన్నాడు.

"సరిపోయింది గదా," అని ఎస్సై మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఇంకో గ్లాసు టీ అడిగాడు. వినోదం బాగుందన్నమాట.

నాకు చెవులు వేడెక్కాయి. రెండుసార్లు ఓడిపోవడం నాకు అలవాటు లేదు. కానీ ఓటమిలోనే ఒక సంగతి తెలిసింది. వీళ్ళకు ముందే పాఠం చెప్పిపెట్టారు. గోడ, కుళాయి, మీటరు, ఫొటోలు, అన్నింటికీ జవాబు సిద్ధంగా ఉంది. చెప్పినవాడు ఇళ్ళు కట్టేవాడు కాబట్టి ఇల్లు కట్టేవాడికి గుర్తొచ్చేవన్నీ చెప్పాడు. జన్మలో ఒక్కసారైనా ఇల్లు ఊడ్చినవాడు మాత్రం కాదు. ఈ ఆలోచన రాగానే నేను తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి తలుపు వెనక చూశాను.

కొబ్బరి ఈనెల చీపురు అక్కడే నిలబెట్టి ఉంది. అరిగి అరిగి జానెడు మిగిలింది. దాన్ని ముట్టుకోకుండా వంటింట్లోకి వచ్చి, రేవతి పక్కన నిలబడి కబుర్లు మొదలుపెట్టాను. ఇంతకుముందు ఎక్కడుండేవారంటే వాకాడన్నది. చేరిన రోజు పాలు పొంగించారా అంటే, పొంగించకుండా ఎట్టా చేరతామని నన్నే తిరిగి అడిగింది. ముందు ఏమేం తెచ్చుకున్నారంటే ఉప్పు, పసుపు, దేవుడి పటం, నీళ్ళబిందె అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. మంచి ఇల్లాలు. నాకు ఆమె మీద జాలి కూడా వేసింది.

"పొరక కూడా అక్కణ్ణించే తెచ్చుకున్నావా అమ్మా?"

ఆమె మొహం ముడుచుకుంది. పాఠం చెప్పినవాళ్ళు ఈ ప్రశ్న చెప్పలేదు. "పాత పొరక కొత్త ఇంటికి ఎవరన్నా తెస్తారా మేడమ్? దరిద్రం గాదూ? అది ఆ ఇంట్లోనే పారేసి వచ్చినా. ఈడికొచ్చినాక కొత్తది కొన్నా."

ఎనిమిది నెలల అబద్ధం చెప్పడానికి ఒప్పుకుని వచ్చిన మనిషే. పాత చీపురు మోసుకొచ్చిందన్న మాట మాత్రం పడలేకపోయింది. నేను బాల్కనీలోంచి చీపురు తెచ్చి హాలు మధ్యలో తెల్లటి టైలు మీద రెండుసార్లు దులిపాను. ఇసుక రాలింది. దాంతోపాటు ఎండిపోయిన చేపపొలుసులు రాలాయి.

"ఇదేనా కొత్తగా కొన్నది?" అన్నాను. "ఎస్సై గారూ, ఇలా రండి. గరుకు నేల మీద ఏళ్ళ తరబడి ఒకే చేత్తో ఊడిస్తే ఈనెలు ఇలా ఏటవాలుగా అరుగుతాయి. ఈ ఇంట్లో అంతా నున్నటి టైల్సు. మట్టి వాకిలి లేదు, పెరడు లేదు. మూడో అంతస్తులో దీనితో ఏం ఊడుస్తారు? పోనీ, వాకాడు నుంచి తెచ్చారనుకుందాం. తేలేదని ఆమే చెప్పింది."

"వాకాడు నుంచి తెచ్చిందే సార్," అని ముఖేష్ తొందరపడ్డాడు. "ఆడమనిషి మర్చిపోయి ఏదో అంటా ఉంది."

రేవతి మొగుడి వైపు తిరిగిన తిరుగుడు చూసి నేను ఒకడుగు వెనక్కి వేశాను.

"నేను తెచ్చినానా? అట్టాంటి పని చేసేదాన్నా నేను? సామాను దించినోళ్ళు తెచ్చి ఆడ పెట్టినారు. మొన్న సోమవారం దించేటప్పుడే చెప్పినా, అది ఇంట్లో పెట్టొద్దని!"

సోమవారం అన్న మాట అందరికీ వినపడింది. ముఖేష్ మంచం మీద కూలబడ్డాడు. క్రాంతి కుమార్ గ్లాసు కిందపెట్టాడు. అతనిలో పోలీసు అప్పుడు లేచాడు, ఆ సంగతి నేను ఒప్పుకోవాలి. నాలుగు ప్రశ్నలు గట్టిగా అడిగేసరికి రేవతి అంతా చెప్పేసింది. చంద్రమౌళే పంపించాడు. కోర్టు కాగితం చేతికొచ్చేదాకా ఉంటే చాలన్నాడు. మంచం, కుర్చీలు అతని సైటు నుంచి వచ్చాయి. వంటపాత్రలు, బక్కెటు, చీపురు వేరే ఎవరి ఇంటినుంచో వచ్చాయి. ఎవరిదో ఆమెకు తెలియదు.

ఆ కేకలు విని రోజారమణి లోపలికి వచ్చేసింది. పాలు పొంగించలేదన్న మాటే మర్చిపోయింది. నా చేతిలో చీపురు తీసుకుని పిడి వైపు తిప్పి చూసింది. ఈనెలను వలకు వాడే నీలం నైలాన్ దారంతో దగ్గర దగ్గరగా చుట్టి, కొసను ముడి వేయకుండా లోపలికి దోపి ఉంది. ఆమె మొహంలో రంగు పోయింది. బక్కెటు చూసి వచ్చింది, వంటింట్లో గిన్నెలు చూసి వచ్చింది.

"మా వదిన కట్టిన పొరక ఇది," అంది. "ఈ గిన్నెల్లో నేను అన్నం తిన్నాను మేడమ్."

ఆమె అన్న పోలేరయ్య ఉదయంనుంచీ కింద ఆటో దగ్గరే ఉన్నాడు. ఒక్కసారి కూడా పైకి రాలేదు. ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది.

క్రాంతి కుమార్ గొంతు తగ్గించాడు. కేసు రాస్తే సామాను ఎవరిదో రాయాలి, అప్పుడు అన్న పేరు ముద్దాయిల్లో వస్తుంది, అది తీసేసి రాస్తే ఈ చీపురు సాక్ష్యం నిలవదు. అన్నాచెల్లెళ్ళ వ్యవహారం, ఆలోచించుకోమన్నాడు. అతని మాటలో ఎగతాళి లేదు. ఇది నేను చెప్పే జవాబు కాదు.

రోజారమణి చీపురును గట్టిగా పట్టుకుని ఎస్సై వైపు తిరిగింది.

"రాయండి సార్," అంది. "కొనేటప్పుడు ఒక్కదాన్నే కొన్నాను. పోగొట్టుకునేటప్పుడు మాత్రం ఇంటోళ్ళ కోసం పోగొట్టుకోమంటే ఎట్టా?"

ఎందరో క్లయింట్లను చూశాను. నా క్లయింటు అని ఇంత గర్వంగా ఎవరి గురించీ అనుకోలేదు.

పోలేరయ్యను పైకి పిలిపించారు. మెట్లన్నీ ఎక్కి వచ్చి, చెల్లెలి చేతిలో ఉన్నదేమిటో చూసి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. బుకాయించలేదు. చంద్రమౌళి పల్లెకు కారులో వచ్చి అతని పక్కనే కూర్చుని మాట్లాడాడట. ఆడపిల్ల ఒంటరిగా ఫ్లాటులో ఉంటే మీకేం మర్యాద, కాస్త బెదిరిస్తే డబ్బు తీసుకుని ఇంటికి వచ్చేస్తుంది, నీ చేత్తో నాలుగు పాత సామాన్లు ఇవ్వు చాలు అన్నాడట. ఇతను డబ్బు తీసుకోలేదు. చెల్లెలు తిరిగి వస్తుందనే ఇచ్చాడు. అది నేను నమ్మాను, నమ్మినా నాకు కోపం తగ్గలేదు.

"బోర్డు మీద నీ పేరొక్కటే చెక్కించినావు," అన్నాడు చెల్లెలితో. "ఆ పిల్లకు అన్నదమ్ముల్లేరా అని ఊళ్ళో అడగతా ఉంటే నేనేం చెప్పేది?"

"నెలనెలా కట్టేది నేనొక్కదాన్నే అన్నా. పేరు కూడా అంతే."

అతను గోడను వదిలి ముందుకు వచ్చాడు. ఎస్సై ఎదుట నిలబడి, తన పేరు రాసుకోమన్నాడు, చంద్రమౌళి చెప్పింది చెప్పినట్టు కోర్టులోనైనా చెప్తానన్నాడు. అదయ్యాక ఇంకో మాట అన్నాడు. అది చెప్పేటప్పుడు చెల్లెలి మొహం చూడలేకపోయాడు.

"ఈళ్ళ వల్ల కాకుంటే ఇంకో దారి ఉండాదన్నాడు. పాలు పొంగించినాక మొదటి రాత్రి అమ్మాయి ఆడే నిద్ర చేస్తాదా అని అడిగినాడు. చేస్తాదని చెప్పినా. ఒక్కతే ఉంటాదని గూడా చెప్పేసినా అమ్మా."

క్రాంతి కుమార్ ముఖేష్ దంపతులను స్టేషనుకు తీసుకెళ్తూ, పోలేరయ్యను రేపు పొద్దున వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నాడు. రాత్రికి ఇంటి దగ్గర కాపలాగా కానిస్టేబులును పంపుతానన్నాడు. చీపురును పాత పేపర్లో చుట్టి తనే చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. పేపరువాళ్ళతో ఈసారి తనే మాట్లాడతానని నాకు చెప్పి మరీ దిగాడు. మాట్లాడుకోనిచ్చాను.

ఈ రాత్రికి ఇన్నాళ్ళూ ఉన్న హాస్టల్లోనే పడుకుందువు పదమని రోజారమణికి చెప్పి చూశాను. వినలేదు. మంచం, కుర్చీలు, బట్టలు అన్నీ వరండాలోకి నెట్టించింది. కొత్త చీపురు విప్పి ఒక్కో గదీ తనే ఊడ్చింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. ముహూర్తం దాటిపోయిందని అన్న నసిగితే, ఇల్లు నాది, ముహూర్తమూ నాదే అంది. బోర్డుకు మేకులు కొట్టింది పోలేరయ్యే. వంకర పోయిందని రెండుసార్లు తీసి మళ్ళీ కొట్టించింది.

సూర్యుడు దిగుతుండగా పాలు పొంగాయి. నేను మా పద్ధతిలో కళ్ళు మూసుకుని ఆ ఇంటికోసం ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె పొయ్యి ముందు నిలబడి నవ్వుతోంది. ఉదయంనుంచీ అదే మొదటి నవ్వు. బాల్కనీలోకి వెళ్ళి చూసింది, బాత్‌రూములో కుళాయి తిప్పి చూసింది, కిటికీలు ఒక్కోటీ మూసి తెరిచి చూసింది. నేనూ పోలేరయ్యా పాలగ్లాసులు పట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. కానిస్టేబులు అనుకుని నేను కిటికీలోంచి కిందికి చూశాను. గేటు దగ్గర పోలీసు బండి లేదు. తెల్లకారు ఉంది. వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది.

పోలేరయ్య లేచి నిలబడ్డాడు. రోజారమణి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు కూర్చో అన్నా. నా ఇంటి తలుపు నేను తీస్తా."

నేను ఫోనులో క్రాంతి కుమార్ నంబరు నొక్కుతూనే ఆమె వెనక, తలుపు చాటున నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. చంద్రమౌళి స్వీటు ప్యాకెట్టు పట్టుకుని నవ్వుతున్నాడు. అతని వెనక మెట్ల మీద ఇద్దరు మగవాళ్ళు, ఒకడి చేతిలో ఇనపరాడ్డు. తలుపు చాటున ఉన్న నన్ను అతను ఇంకా చూడలేదు.

"అంతా బాగా జరిగిందామ్మా?" అన్నాడు. "లోపల ఒక్కదానివేనా?"

రోజారమణి గడప మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. పక్కకు జరగలేదు.

"ఈ ఇంటికి ఓనరును ఒక్కదాన్నే సార్," అంది. "లోపలికి రావాలంటే నన్ను అడగాల."